సైకిల్ మీద సామాను: అరకు ఘాట్ ఎక్కేముందు బండి సర్దుకోవడం ఎలా?

ఈ ఎపిసోడ్ చాలామంది అడిగింది. విశాఖ నుంచి సైకిల్ మీద లాంగ్ టూర్ వెళ్లాలి, రెండు మూడు రోజులు ఉండాలి, సామాను మనమే మోసుకెళ్లాలి. బండి ఎలా రెడీ చేసుకోవాలి, బ్యాగులు ఎలా సర్దుకోవాలి? ఇవాళ మొత్తం అదే మాట్లాడుకుందాం.

ఉదాహరణకి అరకు రూటే తీసుకుంటాను. ఎందుకంటే మనూళ్లో సైకిల్ కొన్న ప్రతి కుర్రాడికీ మొదట వచ్చే ఆలోచన అదే. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, బొడ్డవర, అక్కడి నుంచి ఘాట్. అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, అరకు. మొత్తం సుమారు 115 కిలోమీటర్లు. మనం బయల్దేరేది సముద్రం పక్క నుంచి. అరకు ఉండేది సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున. మధ్యలో గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా పైకి వెళ్తుంది. అంటే బ్యాగులో మీరు వేసిన ప్రతి కిలోనీ మీ కాళ్లే అంత ఎత్తుకి మొయ్యాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం ప్యాకింగ్ అయిపోయినట్టే.

మొన్న గాజువాక నుంచి ఇద్దరు తమ్ముళ్లు వచ్చారు. డిసెంబర్‌లో అరకు వెళ్తారట. ఒకడి దగ్గర గేర్ల సైకిల్, ఇంకొకడి దగ్గర వాళ్ల నాన్నగారి పాత సైకిల్. సామాను లిస్టు చూపించారు. టెంటు, చిన్న స్టవ్, దుప్పట్లు, స్పీకరు, మూడు జతల జీన్స్. తూకం వేస్తే ఒక్కొక్కరికి 25 కిలోలు తేలింది. మొత్తం వెనక క్యారియర్ మీదే కడతాం అన్నారు. "ఎక్కడం కష్టమైతే దిగి తోసుకుంటాం అన్నా" అన్నారు. ఎక్కడం సంగతి సరే. ఎక్కలేకపోతే తోసుకోవచ్చు, కూర్చోవచ్చు, వెనక్కి వచ్చేయొచ్చు. నాకు భయం వేసింది దిగడం గురించి. దిగేటప్పుడు ఆ 25 కిలోలూ వెనక నుంచి మిమ్మల్ని నెడతాయి. ఎదురుగా మలుపు, పక్కన లోయ, చేతిలో రెండు బ్రేకులు. అందుకే ఈ ఎపిసోడ్‌లో సరదా తక్కువ, పని ఎక్కువ.

ముందు సైకిల్ సంగతి

కొత్త బండి కొనాలా? అక్కర్లేదు. మీ దగ్గరున్నది గేర్ల ఎంటీబీ అయినా, హైబ్రిడ్ అయినా చాలు. ఫ్రేమ్ ఉక్కుదైతే ఇంకా మంచిది. మనది ఉక్కు ఊరు కాబట్టి చెప్పడం లేదు. ఉక్కు ఫ్రేమ్‌కి క్యారియర్ కట్టే చోట పగులు వస్తే ఏ చిన్న ఊళ్లో అయినా వెల్డింగ్ షాపు వాళ్లు అతికించి పంపిస్తారు. అల్యూమినియం ఫ్రేమ్ అయితే ఆ పని అందరూ చెయ్యలేరు. కానీ ఒక మాట. ఫ్రేమ్ ఉక్కుది కావాలి, రిమ్ము మాత్రం ఉక్కుది వద్దు. పాత సైకిళ్లకి తళతళలాడే క్రోమ్ రిమ్ములు ఉంటాయి కదా, వాన పడితే వాటి మీద బ్రేకు రబ్బరు జారిపోతుంది. పొడి రోడ్డు మీద ఆగే దూరం వేరు, తడిలో ఆగే దూరం వేరు. ఘాట్‌లో పొగమంచు ఉన్నా రిమ్ము తడే. నాన్నగారి పాత సైకిల్ తీసుకెళ్తానంటే ముందు రెండు చక్రాలకీ అల్లాయ్ రిమ్ములు వేయించండి. లేదంటే ఆ సైకిల్‌ని భీమిలి వరకే తీసుకెళ్లండి.

గేర్ల లెక్క కూడా చెప్తాను, ఈజీనే. మామూలు సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు అనుకోండి. ఒక్కసారి పెడల్ తిప్పితే చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. అంటే బండి 5 మీటర్ల పైనే ముందుకి వెళ్తుంది. గేర్ల సైకిల్లో ముందు చిన్న చక్రం 24 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు పెడితే ఒక్కసారి తిప్పితే వెళ్లేది 1.8 మీటర్లే. దూరం తగ్గింది కాబట్టి బలమూ తక్కువ చాలు. నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 6 కిలోమీటర్ల పైన వెళ్తారు. నడక కంటే కాస్త ఎక్కువ. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఘాట్‌లో లోడుతో అదే స్పీడ్. 20 కిలోమీటర్ల ఎక్కుడు అంటే మూడు గంటల పైనే పడుతుంది, ప్లాన్ ఆ లెక్కన వేసుకోండి. మీ సైకిల్లో ముందు చక్రం పళ్లు, వెనక చక్రం పళ్లు లెక్కపెట్టండి. అతి చిన్న గేరులో ముందు పళ్లు వెనక పళ్లకి సమానంగానో తక్కువగానో ఉంటే సామానుతో ఎక్కగలరు. లేదంటే వెనక ఫ్రీవీల్ మార్పించుకోవచ్చు, దానికి పెద్ద ఖర్చు కాదు.

లోడు పడేది వెనక చక్రం మీద

సామాను కట్టిన సైకిల్లో మొదట పాడయ్యేది ఏంటో తెలుసా? చైనూ కాదు, పెడలూ కాదు. వెనక చక్రం స్పోకులు. అందులోనూ గేర్ల వైపు ఉండేవి. ఎందుకంటే గేర్లకి చోటు ఇవ్వడానికి ఆ వైపు స్పోకుల్ని ఎక్కువ బిగువుగా లాగి కడతారు. దాని మీద మీ బరువు, సామాను బరువు, గుంటల దెబ్బ అన్నీ పడతాయి. కాబట్టి 36 స్పోకుల చక్రం ఉంటే మంచిది. 32 అయినా పర్లేదు, కానీ బయల్దేరే వారం ముందు సైకిల్ షాపులో బెండు తీయించి, అన్ని స్పోకులూ ఒకే బిగువులో ఉన్నాయో లేదో చూపించండి. మీరే చెక్ చేసుకోవచ్చు. పక్కపక్కన ఉన్న రెండు స్పోకుల్ని వేళ్లతో కలిపి నొక్కండి. ఒక జత మాత్రం వదులుగా అనిపిస్తే అక్కడ తేడా ఉన్నట్టు.

అదే సైజు స్పోకులు మూడు నాలుగు కొని ఫ్రేమ్ గొట్టానికి టేపుతో అంటించి పెట్టుకోండి. ఒక్కోదానికి రూపాయలు లెక్క, వందలు కాదు. దారిలో ఒకటి విరిగితే దాన్ని తీసేసి, దానికి అటూ ఇటూ ఉన్న రెండిటిని అర చుట్టు వదులు చేస్తే చక్రం ఊగడం తగ్గుతుంది. తర్వాతి ఊరి వరకు మెల్లగా వెళ్లిపోవచ్చు.

టైరు సన్నగా వద్దు. 35 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే లోడుకి బాగుంటుంది. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చు వేసి ఉంటుంది, లోడు ఉన్నప్పుడు వెనక టైరులో ఆ పై అంకెకి దగ్గరగా కొట్టండి. గాలి తక్కువైతే గుంటలో రిమ్ము నేలకి తగిలి ట్యూబు రెండు చోట్ల పాము కాటులా చిల్లు పడుతుంది.

క్యారియర్: సీటు గొట్టానికి బిగించేది వద్దు

ఆన్‌లైన్‌లో చూస్తే సీటు కింద గొట్టానికి క్లాంపు వేసి బిగించే క్యారియర్లు చవకగా కనిపిస్తాయి. కాలేజీ బ్యాగు పెట్టుకోవడానికి అవి సరే. టూరుకి వద్దు. గతుకుల్లో అది పక్కకి తిరిగిపోతుంది. మనకి కావాల్సింది రెండు వైపులా కాళ్లు కిందికి దిగి, వెనక చక్రం ఇరుసు దగ్గర ఫ్రేమ్‌కి బోల్టులతో బిగుసుకునేది. బరువు నేరుగా ఇరుసు మీదకి దిగాలి. క్యారియర్ మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, చాలావాటికి 25 ఉంటుంది. అంటే 25 పెట్టమని కాదు, అది హద్దు.

బోల్టులు వదులవడం టూరింగ్‌లో నంబర్ వన్ సమస్య. స్ప్రింగ్ వాషర్ వేయండి. మర మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ రాసి బిగించండి. నవ్వకండి, పని చేస్తుంది. ఇంట్లో అక్కనో చెల్లినో అడిగి తీసుకోండి. అయిపోయాక క్యారియర్‌ని చేత్తో పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపండి. క్యారియర్ ఊగితే సైకిల్ మొత్తం ఊగాలి, అది ఒక్కటే విడిగా కదలకూడదు.

బ్యాగులు కొనాలా, కుట్టించాలా?

రెండు పక్కలా వేలాడే టూరింగ్ బ్యాగులు, ప్యానియర్లు అంటారు, మంచివి కొనాలంటే వేలల్లో ఉంటాయి. డబ్బులుంటే కొనండి. లేకపోతే ట్రిప్ ఆపుకోకండి. బ్యాగులు కుట్టే షాపులో రెండు సంచులు కుట్టించండి. బట్ట దేనితో? పాత ఫ్లెక్సీ. ఎలక్షన్లు అయిపోయాక మనకి వాటికి కొదవా? లోపలి వైపు ఏ నాయకుడు నవ్వుతున్నా పర్లేదు, నీళ్లు మాత్రం లోపలికి రావు. కుట్టు వేసిన చోట చిల్లులు ఉంటాయి కాబట్టి లోపల ఎరువుల బస్తాలో వచ్చే ప్లాస్టిక్ సంచి వేసి, మూతి మెలిపెట్టి కట్టండి. అసలైన వాటర్‌ప్రూఫ్ అదే.

సంచికి చక్రం వైపు గట్టి ప్లాస్టిక్ షీటు పెట్టించడం మర్చిపోవద్దు. మెత్తటి సంచి గతుకులో లోపలికి వంగి స్పోకుల్లోకి వెళ్తే చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పైన రెండు కొక్కేలు, కింద ఒక లాగుడు తాడు. తాడుకి పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసి వాడండి. కూరగాయల బండి నుంచి గ్యాసు బండి దాకా మనవాళ్లు కట్టేది దానితోనే. అంత పట్టు ఏ తాడుకీ రాదు. సంచిని కాస్త వెనక్కి జరిపి కట్టండి, పెడల్ తొక్కేటప్పుడు మడమ తగలకూడదు.

ఏది ఎక్కడ పెట్టాలి

ఇది అసలు పాఠం. దీన్ని మనకి కొబ్బరి బొండాల ఆయన ఎప్పుడో నేర్పాడు. ఈసారి గమనించండి. సైకిల్‌కి రెండు పక్కలా గెలలు వేలాడుతుంటాయి. బొండం అమ్మినప్పుడు ఒకసారి కుడి నుంచి కోస్తే ఇంకోసారి ఎడమ నుంచి కోస్తాడు. పాలాయన క్యాన్లు కూడా అంతే, అటొకటి ఇటొకటి, కిందికి వేలాడుతూ. ఎవరూ తల మీద టోపీలా ఎత్తుగా కట్టరు.

రూల్స్ మూడే. ఒకటి, బరువు కిందికి. రెండు, బరువు ఇరుసుకి దగ్గరగా. మూడు, కుడి ఎడమ సమానంగా. టూల్స్, తాళం, తిండి, నీళ్లు లాంటి బరువైనవి సంచి అడుగున, ముందు వైపుకి. బట్టలు, దుప్పటి పైన. రెండు సంచుల తేడా అర కిలో దాటకూడదు. ఇంట్లో తూకం లేదా? వీధి చివర పాత పేపర్ల షాపులో ఉంటుంది.

అంతా వెనకే కడితే ఏమవుతుంది? ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికై హ్యాండిల్ అటూ ఇటూ పోతుంది. దిగేటప్పుడు స్పీడ్ పెరిగితే బండి తోక ఊపినట్టు వణుకు మొదలవుతుంది. అందుకే మూడో వంతు బరువైనా ముందుకి తెండి. ముందు క్యారియర్ లేకపోతే హ్యాండిల్‌కి ఒక చిన్న బ్యాగు. అందులో తేలికైనవే, రెండు కిలోలు దాటకుండా. నీళ్ల సీసాలు ఫ్రేమ్ త్రికోణంలో. మొత్తం సామాను నీళ్లతో కలిపి 15 కిలోలు దాటకూడదు. 12 అయితే నేను సంతోషిస్తాను.

"12 కిలోల్లో ఏం వస్తుంది అన్నా?" అంటారు. వినండి. 1884లో థామస్ స్టీవెన్స్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పెద్ద ముందు చక్రం ఉండే పాతకాలం సైకిల్ మీద బయల్దేరి, 1886లో జపాన్ చేరి ప్రపంచం చుట్టేశాడు. మధ్యలో మన దేశం కూడా దాటాడు. ఆయన సామాను ఎంత? సాక్సులు, ఇంకో చొక్కా, టెంటుగానూ పరుపుగానూ పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వరు. అంతే. 1923లో బొంబాయి నుంచి కొందరు పార్సీ కుర్రాళ్లు ప్రపంచయాత్రకి వెళ్లారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తి చేసుకుని తిరిగొచ్చారు. వాళ్లకి గేర్లూ లేవు, గూగుల్ మ్యాపూ లేదు. ఇంకో వైపు చూస్తే 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి ఒక్కో సైకిల్ మీద 200 కిలోల దాకా సరుకు చేరవేశారు. కానీ వాళ్లు తొక్కలేదు, హ్యాండిల్‌కి వెదురు కర్ర కట్టి పక్కన నడుస్తూ తోశారు. తేడా అర్థమైందా? ఎంత బరువైనా సైకిల్ మొయ్యగలదు. దాన్ని ఎక్కి తొక్కుతూ కంట్రోల్ చేయగల బరువు మాత్రం తక్కువ.

మరి మన లిస్టు. తొక్కడానికి ఒక జత, రాత్రికి ఒక జత. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరవు. ఒక స్వెట్టరు తప్పనిసరి. డిసెంబర్‌లో అరకులో రాత్రి చలి పది డిగ్రీల కిందికి పోతుంది, వైజాగ్ చలికాలం లెక్క అక్కడ పని చేయదు. గాలి ఆపే పల్చటి జాకెట్టు ఒకటి, అది సంచిలో అన్నిటికన్నా పైన. టెంటు, స్టవ్ మొదటి ట్రిప్పుకి వద్దు. అరకులో లాడ్జిలున్నాయి, దారిలో టిఫిన్ దొరుకుతుంది. ఆ రెండూ తీసేస్తేనే నాలుగైదు కిలోలు తగ్గుతుంది. స్పీకరు సంగతి మీకే వదిలేస్తున్నా. ఘాట్‌లో వెనక లారీ హారన్ వినపడాలి కదా.

రిపేరు సామాను: రెండు కొత్త ట్యూబులు, పంక్చర్ కిట్, మీ ట్యూబు వాల్‌కి సరిపోయే గాలి పంపు, ఎల్ కీల సెట్టు, చిన్న స్పానరు, ఒక బ్రేకు కేబులు, ఒక జత బ్రేకు రబ్బర్లు, చైన్ లింకు, పాత టైరు ముక్క ఒక జానెడు. టైరు చీలితే ఆ ముక్క లోపల పెట్టి ట్యూబు ఎక్కిస్తే ఊరు చేరతారు. ఇంకా ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. నీళ్లు మూడు లీటర్లతో మొదలుపెట్టి, ఊరు కనిపించినప్పుడల్లా నింపుకోండి. మన కోస్తా ఉక్కలో చెమట తెలియకుండా పోతుంది.

బయల్దేరే ముందు టెస్ట్

సామాను మొత్తం కట్టుకుని ఒక ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్లి రండి. ఆ రోడ్డులో ఎత్తుపల్లాలు ఉన్నాయి, రుషికొండ దగ్గర ఎక్కుడు ఉంది, సముద్రం నుంచి పక్కగాలి ఉంది. పక్కగాలి సంచుల్ని ఎలా నెడుతుందో అక్కడే తెలుస్తుంది. భీమిలిలో టీ తాగుతూ ప్రతి బోల్టునీ మళ్లీ చెక్ చేయండి. వదులైనది అక్కడే బయటపడుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో సైకిల్ తుడిచి, చైన్‌కి ఆయిల్ వేయండి. ఉప్పుగాలి మన ఊరి సైకిళ్లకి పెద్ద శత్రువు. వారం వదిలేస్తే చైన్ ఎర్రబడుతుంది.

ఇక దిగడం

ఘాట్ దిగే ముందు ఆగండి. చెమట చొక్కా మీద జాకెట్టు వేసుకోండి. వేళ్లు చలికి కొయ్యబారితే బ్రేకు పట్టు రాదు. రెండు బ్రేకు రబ్బర్లూ చూడండి, గాడులు అరిగిపోయి ఉంటే అక్కడే మార్చండి. దిగుతున్నంతసేపూ బ్రేకు నొక్కి పట్టుకుని వెళ్లొద్దు. రిమ్ము వేడెక్కుతుంది, బాగా వేడెక్కితే ట్యూబు పేలొచ్చు. కాస్త గట్టిగా నొక్కి స్పీడ్ తగ్గించండి, వదలండి, మళ్లీ నొక్కండి. మలుపుకి ముందే స్పీడ్ తగ్గాలి, మలుపులో కాదు. రెండు బ్రేకులూ వాడండి. ప్రతి నాలుగైదు కిలోమీటర్లకి ఒకసారి ఆగి, రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి తెలుస్తుంటే పది నిమిషాలు కూర్చోండి. వ్యూ ఎలాగూ ఫ్రీ.

బండి వణకడం మొదలైతే కంగారుపడి హ్యాండిల్ బిగించొద్దు. మోకాళ్లతో పై గొట్టాన్ని గట్టిగా నొక్కి పట్టి, మెల్లగా బ్రేకు వేస్తూ ఆపండి. తర్వాత సంచుల కట్లు చూడండి, కారణం అక్కడే ఉంటుంది.

నమ్మకం చాలకపోతే ఇంకో దారి ఉంది. ఎక్కి వెళ్లి, రైల్లో దిగండి. విశాఖ–కిరండూల్ లైను అరకు మీదుగానే వెళ్తుంది. సైకిల్‌ని లగేజీగా బుక్ చేసే సంగతి స్టేషన్‌లో ముందు రోజే అడిగి పెట్టుకోండి. రైల్లో దిగినంత మాత్రాన ఎక్కింది ఎక్కడికీ పోదు.

గాజువాక తమ్ముళ్ల లిస్టు ఇప్పుడు 13 కిలోలకి వచ్చింది. నాన్నగారి సైకిల్‌కి అల్లాయ్ రిమ్ములు పడ్డాయి, కానీ దానికి గేర్లు లేవు కాబట్టి ఘాట్‌కి అది వెళ్లడం లేదు. ఇంకో గేర్ల సైకిల్ అరువు తెచ్చుకుంటున్నారు. స్పీకరు మీద మాత్రం ఇద్దరికీ ఇంకా గొడవే.

వచ్చే ఎపిసోడ్‌లో నడిరోడ్డు మీద స్పోకు మార్చడం చేసి చూపిస్తాను. ఈలోగా మీరొక పని చేయండి. సామాను కట్టిన సైకిల్‌ని గోడ దగ్గర నిలబెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి చూడండి. ఒక పక్కకి వాలినట్టు కనిపిస్తే విప్పి మళ్లీ కట్టండి. ఇంటి దగ్గర పది నిమిషాలు పోతే పోయాయి. జాగ్రత్తగా వెళ్లి, జాగ్రత్తగా రండి. ఉంటాను మరి.